పిట్టలమ్మ మొగుడు

కంచం రెండోసారి కూడా ముట్టకుండానే వెనక్కి వచ్చింది.

రాత్రి పెట్టింది అలాగే ఉంది. పొద్దున పెట్టిందీ అలాగే ఉంది. ముసలావిడ రెండు కంచాలనూ వంటింటి గడప మీద పక్కపక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని కొడుకు వైపు చూసింది.

“అలిగితే అన్నం మీద అలగాలని నీకెవడ్రా నేర్పింది? మీ నాన్నా ఇంతే. మమ్మల్ని సాధిద్దామని కడుపు మాడ్చుకునేవాడు. అందరూ పడుకున్నాక పిల్లిలా వచ్చి గిన్నెలు తడుముకునేవాడు.”

కొడుకు రేవు పడవకి సరంగు, చుక్కాని పట్టేవాడు. కిటికీ చువ్వకు తగిలించిన అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో తన ముఖం కంటే వెనక తిరుగుతున్న భార్యే ఎక్కువగా కనబడుతోంది. ఆమె నీళ్ళసీసా సంచిలో పెట్టింది. చించిన ఎర్రగుడ్డ పీలికలు మడిచి పెట్టింది. ఎండకు కట్టుకునే తలగుడ్డ వెతుక్కుంటోంది.

నిన్న మీటింగుకి కట్టిన చీర ఇంకా దండెం మీదే ఉంది. పెళ్ళిళ్ళకు తప్ప పెట్టెలోంచి తీయని చీర అది.

“ఏవండీ, టీ అయినా తాగి వెళ్ళండి,” అంది ఆమె.

సరంగు అద్దంలోంచి తల్లితో మాట్లాడాడు. “అమ్మా, అంత పెద్దవాళ్ళ చేతి టీ మనలాంటివాళ్ళకి అరుగుతుందో లేదో కనుక్కో.”

“నాకెందుకురా మధ్యలో? అది అక్కడే ఉంది, దానికి చెవులున్నాయి. నీకు నోరుంది, అదే ఎక్కువుంది.”

భార్య సంచి కింద పెట్టింది. “నేనేం తప్పు మాట్లాడానండీ?”

“తప్పా? నువ్వా? ఊరంతా చప్పట్లు కొడితే తప్పెలా అవుతుంది?”

“ఆ ఇసుకదిబ్బ మీద కొత్త రేవు కట్టొద్దని అనలేదు నేను. పిట్టపిల్లలు ఎగిరేదాకా ఆగమన్నాను. ఈ ఎండలు తగ్గితే అవి పోతాయి. తర్వాత కట్టుకోండి అన్నాను. అంతేగా?”

“అంతే. ఈలోపు రేవుతో పాటు వచ్చే ఆ కొత్త పడవని అవతలి ఒడ్డు సరంగుకి ఇచ్చేస్తారు. అంతే. నేను ఈ డొక్కు ఇంజన్ మీదే ముసలాణ్ణయిపోతాను. అంతే.” కత్తి గడ్డం కింద ఆగింది. “నాతో ఒక్క మాట ముందు చెప్పావా?”

“చెప్పాను. మీరు రేడియో గట్టిగా పెట్టుకున్నారు.”

అది నిజమే. సరంగుకు గుర్తుంది. అందుకే మరింత మండింది.

“ఇరవై ఏళ్ళుగా ఆ రేవు ఆఫీసు గదిలోకి వెళ్తున్నాను,” అన్నాడు. “ఏ ఆఫీసరు వచ్చినా సరే, నుంచోబెట్టే మాట్లాడాడు. కూర్చోమన్న పాపాన పోయినవాడు లేడు. నువ్వు వెళ్ళావు. లేచి తన కుర్చీ తెచ్చి వేశాడు. నేను వెనక గోడకి ఆనుకుని చూస్తున్నాను.”

ముసలావిడ కళ్ళు పెద్దవి చేసింది. “కుర్చీ కోసమట్రా ఇదంతా! మనింట్లో రెండున్నాయిగా. ఒకటి నెత్తిన పెట్టుకుని రేవుదాకా ఊరేగిరా. ఆ రెండోదాని కాలు విరిగింది, అది మాత్రం వద్దు.”

భార్యకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. కానీ అద్దంలో సరంగుకు కనబడింది.

నిన్న కూడా ఇలాంటి నవ్వే చూశాడు. చప్పట్లు మోగుతుంటే ఆమె తల వంచుకుంది, అందరూ సిగ్గుపడిందనుకున్నారు. సరంగు ఒక్కడికే తెలుసు, ఆ వంచిన తల కింద ఆమె నవ్వుకుంది. చప్పట్లు ఆమెకు నచ్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో తన మాటకు గానీ, తను తెచ్చిన చీరకు గానీ ఆ ముఖం అలా వెలగడం అతను చూడలేదు. ఆఫీసరు వేసిన కుర్చీ కంటే ఆ వెలుగే అతన్ని ఎక్కువగా కాల్చింది.

కత్తి కడిగి గూట్లో పెట్టాడు. చొక్కా తొడుక్కుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు.

“కడుపు కాలితే కోపం దానంతటదే దిగుతుందిలే,” అంది ముసలావిడ, రెండు కంచాలూ ఎత్తుకుంటూ.

కోడలు దండెం మీది చీర తీసి, మడిచి, పెట్టె అడుగున పెట్టింది.

*

రేవు దగ్గర ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఐస్ మిల్లు ముందు బళ్ళు ఆగి ఉన్నాయి. వలల షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిరిగిన వలలు అల్లుతున్నారు. ఆ వరసలో కిటికీ పక్క పీట సరంగు భార్యది. ఈ పూట సెలవు పెట్టింది కాబట్టి ఖాళీగా ఉంది.

టీ కొట్టతను గరిటె ఊపాడు. “ఏం సరంగూ! పిట్టలమ్మ గారు బాగున్నారా? నిన్న భలే మాట్లాడారంట!”

సరంగు విననట్టే పోయాడు.

నిరుడు పోటెత్తి దిబ్బ సగం మునిగినప్పుడు ఆమె మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఇసుకలో ఉన్న పిట్టల గుడ్లను చేటలో పెట్టి మెరకకు చేర్చింది. అప్పుడు వలల షెడ్డులో వేళాకోళంగా పెట్టిన పేరది, పిట్టలమ్మ. ఆ వేళాకోళం ఎప్పుడు మర్యాదగా మారిందో సరంగుకు తెలియలేదు. ఊరి రేడియోవాళ్ళు వచ్చి ఆమెతో మాట్లాడించారు. అప్పటినుంచీ పడవ ఎక్కేవాళ్ళలో సగంమంది అతన్ని సరంగూ అని పిలవడం మానేశారు.

కళాసీ అప్పటికే పడవ కడిగి పెట్టాడు. మనిషి కొబ్బరిచెట్టంత పొడుగు. అందరూ పొడుగోడనే అంటారు. సరంగు కింద పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. సరంగు మొహం చూడగానే ఇవాళ మాటలు తగ్గించుకోవాలని అర్థం చేసుకున్నాడు.

మొదటి రెండు ట్రిప్పులూ మామూలుగానే సాగాయి. ఎండ నడినెత్తికి వచ్చేవేళ ఒక కుటుంబం ఎక్కింది. సెలవులకు వచ్చినవాళ్ళు. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, అతని భార్య, బావమరిది, ఒక ముసలమ్మ. పడవ కదలగానే పెద్దమనిషి చుక్కాని దగ్గరికి వచ్చాడు.

“మీరేనా? పిట్టలమ్మ గారి మొగుడుగారు?”

సరంగు నీళ్ళ వైపే చూస్తూ తల ఊపాడు.

“రేడియోలో విన్నామండీ ఆవిణ్ణి. ఎంత బాగా చెప్పారో! మీతో ఒక ఫోటో తీసుకుంటాం.”

తనతో ఫోటో. సరంగు చొక్కా బొత్తాం సరిచేసుకున్నాడు. జుట్టు దువ్వుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, చుక్కాని మీద చేయి వేసి నిటారుగా నిలబడ్డాడు.

పెద్దమనిషి ఒక కన్ను మూసి చూసి, చేత్తో సైగ చేశాడు. “కొంచెం పక్కకి జరగండి. ఇంకొంచెం. మీరు అడ్డం వస్తున్నారు. వెనక దిబ్బ పడాలి.”

పడవలో ఎవరో నవ్వారు. పొడుగోడు నవ్వలేదు. నవ్వి ఉంటే సరంగు అతన్ని తిట్టేసి మరచిపోయేవాడు.

“ఆ పిట్టల గురించి మీరేమైనా చెప్పండి,” అంది పెద్దమనిషి భార్య.

“ఏముందండీ. తెల్లగా ఉంటాయి. నెత్తిన నల్లటోపీ ఉంటుంది. మేం టోపీపిట్టలంటాం. ఇసుకలోనే గుడ్లు పెడతాయి.”

“ఆవిడైతే ఇంకా బాగా చెప్పేవారు,” అందావిడ మొగుడితో. గుసగుసగానే అంది గానీ గాలి ఇటే వీస్తోంది.

సరంగు చుక్కాని తిప్పాడు.

“చెప్పడమెందుకమ్మా? చూపిస్తాను.”

పడవ ముక్కు అవతలి ఒడ్డు దారి వదిలి, ఏరు సముద్రంలో కలిసే చోటుకు తిరిగింది. పొడుగోడు పరుగున వచ్చాడు.

“సరంగూ, ఎటు?”

“దిబ్బకి.”

“చుట్టూ హద్దుగా ఎర్రగుడ్డలు కట్టారు కదా? నిన్న మీటింగులోనేగా, ఎవరూ దిగొద్దని…”

“కట్టింది నా పెళ్ళాం. నాకు లేని హద్దులా అవి?”

“హద్దులు ఎవరికని కాదు సరంగూ…”

“పదేళ్ళనుంచి నా పడవ మీద బతుకుతున్నావు. ఇవాళ నాకు దారి చెప్తావా?”

పొడుగోడు వెనక్కి తగ్గాడు. పడవ ఇసుకను ఒరుసుకుంటూ ఆగింది. అందరూ దిగారు. పొడుగోడు మాత్రం దిగలేదు. చేతులు కట్టుకుని పడవ అంచునే నిలబడ్డాడు.

ఆరేసిన దుప్పటిని ఎవరో ఒక్కసారిగా దులిపినట్టు పిట్టలన్నీ లేచాయి. ఆకాశం తెల్లబడింది. చెవులు చిల్లులుపడే అరుపులు. నెత్తి మీదికి దూసుకొచ్చి, తాకకుండానే తిరిగి పైకి పోతున్నాయి. పెద్దమనిషి టోపీ ఎగిరి పడింది. అందరూ కేరింతలు కొట్టారు.

సరంగు ముందు నడిచాడు. “అదిగో, ఆ గుంటలో చూడండి. గూడు కట్టవు. పొట్టతో ఇసుకని తొలిచి గుంట చేస్తాయి. గుడ్డు రంగు ఇసుక రంగే. మొగపిట్ట చేపపిల్ల తెచ్చి ఆడపిట్టకి ఇస్తుంది. అది పుచ్చుకుంటేనే జత.”

“ఆహా! ఎంత బాగా చెప్తున్నారండీ!” అంది పెద్దమనిషి భార్య.

సరంగు ఒళ్ళు తేలికయింది. ఇంకా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తన నోటినుంచి వస్తున్న మాటలు ఒక్కటీ తనవి కావు. అన్నీ ఆమెవి. భోజనం దగ్గరా, పడకలోనూ ఆమె చెబుతుంటే తను నిద్రమత్తులో ఊకొట్టిన మాటలు. వినలేదనుకున్నాడు. విన్నాడన్నమాట. ఆమెకు వచ్చిన మెప్పు తను తీసుకుందామని వస్తే, ఇక్కడ కూడా మాట్లాడుతున్నది ఆమే.

“అయ్యో, కాలికింద ఏదో చితికింది!” అంది ముసలమ్మ.

ఆవిడ చెప్పుకు పచ్చసొన అంటుకుంది. బావమరిది ఫోటో కోసం వెనక్కి అడుగులు వేసుకుంటూ పోతున్నాడు. అతని మడమ కింద కూడా టప్‌మని చప్పుడయింది.

“ఆగండి! ఎక్కడివాళ్ళక్కడే ఆగండి!” అని సరంగు అరిచాడు.

అప్పుడు కాకులు వచ్చాయి. ముందు ఒకటి, తర్వాత ఎన్నో. పిట్టలు పైన మనుషుల మీద అరుస్తుంటే, కాకులు కింద తీరిగ్గా గుంట గుంటకూ నడుచుకుంటూ వెళ్ళాయి. సరంగు ఇసుక విసిరాడు. అవి నాలుగడుగులు ఎగిరి మళ్ళీ వాలాయి. ఎండ ఇసుకను పెనంలా కాలుస్తోంది. తల్లి లేని గుడ్డు ఆ ఇసుకలో ఎంతసేపు ఉంటుందో అతనికి తెలుసు. అది కూడా ఆమె చెప్పిందే.

అందరినీ పడవ ఎక్కించాడు. అవతలి ఒడ్డున దిగేటప్పుడు పెద్దమనిషి అతని చేయి పట్టుకుని ఊపాడు. “మీరు లేకపోతే ఇదంతా చూసేవాళ్ళమే కాదు!”

తిరుగు ప్రయాణంలో సరంగు పొడుగోడితో అన్నాడు. “ఎవరికీ చెప్పకు.”

“నేను చెప్పను సరంగూ,” అన్నాడు పొడుగోడు. అతని వైపు తిరగకుండానే అన్నాడు.

*

ఆకలి ఆపుకోలేక సరంగు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఇంజన్ వేడెక్కిందని పడవ రేవులో కట్టేశానన్నాడు. ముసలావిడ ఒక్క మాట అడగలేదు. కోపం దిగిందనుకుని కంచం నిండా వడ్డించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గినప్పుడు కూడా ఇలాగే తిన్నావురా అని మురిసిపోయింది.

చేయి కడుక్కునేలోపు భార్య వచ్చింది.

చీర అంచు మోకాళ్ళదాకా తడిసి ఉంది. కాళ్ళనిండా ఇసుక. కాళ్ళు కడుక్కోకుండా ఎన్నడూ ఇంట్లో అడుగుపెట్టని మనిషి, నేరుగా వచ్చి నీళ్ళకుండ పక్కన గోడకు చేరగిలబడింది. తలగుడ్డ జారి ఒళ్ళో పడింది. తీయలేదు.

“ఏమైందే?” అంది అత్తగారు.

“ఎవరో దిగారు అత్తయ్యా. దిబ్బ మీద దిగారు.”

“ఎర్రగుడ్డలు కట్టావుగా?”

“మిగిలినవి కడదామని, ఆఫీసరు గారి లాంచీ వచ్చేదాకా ఆగి వెళ్ళాం. వెళ్ళేసరికి…” ఆమె చేత్తో గాలిలో ఏదో చూపించబోయి దించేసింది. “చెప్పుల అచ్చులు. నడిమధ్యదాకా. కాకులు ఇంకా తింటూనే ఉన్నాయి. మమ్మల్ని చూసి కూడా లేవలేదు. పిట్టలేమో పైన తిరుగుతున్నాయి. ఏ గుంట తమదో వెతుక్కుంటున్నాయి.”

“వాడి చేతులు పడిపోను! ఎవడు వాడు?”

“తెలీదు.”

సరంగు తుండుతో చేయి తుడుచుకుంటున్నాడు. ఎప్పుడో ఆరిపోయిన చేతిని ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. “ఆఫీసరు గారికి మీ మీద అనుమానం. నిన్న మీటింగు మధ్యలోనే వెళ్ళిపోయారు కదా, అందుకని. పొడుగోణ్ణి పిలిచి అడిగారు. తనకేం తెలీదన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“మీరు కాదన్నాను. ఆఫీసులో అందరూ ఉన్నారు. టీ కొట్టతనూ ఉన్నాడు. అందరి ముందూ చెప్పాను. మా ఆయనకి కోపం ఎక్కువ, నోరు ఎక్కువ. నా మీద ఎంత మండినా అది నా మీదే చూపిస్తాడు గానీ గుడ్డు మీద కాలు పెట్టే మనిషి కాదని చెప్పాను. ఒట్టు పెట్టి చెప్పాను.”

ఐస్ మిల్లు మోత దూరంగా వినబడుతోంది.

సరంగు అడిగాడు. “కూర్చుని చెప్పావా? నుంచుని చెప్పావా?”

ముసలావిడ విసనకర్ర ఆగింది.

“ఏంటండీ?”

ఆ మాట తనే అన్నాడా అని సరంగే నిర్ఘాంతపోయాడు. వెనక్కి మింగేద్దామనుకున్నాడు. వచ్చేసిన మాట ఎక్కడికి పోతుంది?

ఆమె అతని ముఖం చూసింది. కళ్ళు తిప్పుకుంటున్న తీరు చూసింది. గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

“నా నోట దొంగ ఒట్టు పలికించారన్నమాట,” అంది.

“నేనే,” అన్నాడు సరంగు. “సెలవులకొచ్చినవాళ్ళు అడిగారు. నేనే తీసుకెళ్ళాను. పొడుగోడు వద్దన్నాడు. వాడి తప్పేం లేదు, వాడి నోరు మూయించింది నేనే.”

ముసలావిడ కంచం వైపు చూసింది. “ఇప్పుడే కదరా నీకు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు తినిపించాను,” అంది నీరసంగా. విసనకర్ర అక్కడే వదిలేసి, కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు.

“ఎందుకు?” అంది భార్య. అరవలేదు. ఏడవలేదు.

“ఒక్కరోజైనా నన్ను కూడా చూస్తారని.”

“చూశారా?”

“చూశారు.”

“ఎలా ఉంది?”

సరంగు తల వంచుకున్నాడు. ఆమె ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతోంది.

“నాకు బాగుందండీ,” అంది ఆమే. “నిన్న ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. అబద్ధం చెప్పను. వలల షెడ్డులో ఇన్నేళ్ళు కూర్చున్నాను, ఎవరైనా నా మొహం చూసి మాట్లాడారా? చేతులు చూసి మాట్లాడతారు, ఎన్ని వలలు అయ్యాయని. నిన్న మొహం చూశారు. నేను నవ్వుకున్నాను. మీరు చూస్తున్నారనీ తెలుసు, మీకు గుచ్చుకుంటుందనీ తెలుసు. అయినా నవ్వుకున్నాను. ఆ ఒక్క నవ్వు మీరు ఓర్చుకోలేకపోయారా?”

“లేకపోయాను.”

“నా మీద చేయి చేసుకున్నా ఇంత బాధ ఉండేది కాదు.”

“అంత మాట అనకు.”

“ఇంకేమనాలి మరి? ఆ పిట్టలు మీతో పోటీకి మీటింగుకొచ్చాయా? మీకు కుర్చీ వెయ్యలేదని అవేమైనా అన్నాయా?”

ఆమె కుండలోంచి నీళ్ళు ముంచుకుని గుమ్మంలో నిలబడి కాళ్ళు కడుక్కుంది. ఇప్పుడు, బయటికి వెళ్ళేముందు, కడుక్కుంది.

“పదండి.”

“ఎక్కడికి?”

“అందరి ముందూ ఇచ్చిన మాట. ఇంట్లో వెనక్కి తీసుకుంటే సరిపోదు.”

*

రేవు ఆఫీసు మేడ మీద ఉంది. ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూడగానే లేచాడు. కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

“నేను చెప్పాలండీ,” అన్నాడు సరంగు. ఆమె నోరు తెరవకముందే అన్నాడు. ఈ ఒక్క మాటైనా తన నోటినుంచే రావాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. “దిబ్బ మీద పడవ ఆపింది నేను. మా ఆవిడకి తెలీదు. తెలీక నా తరఫున ఒట్టు పెట్టింది. కళాసీ వద్దన్నాడు, నేను వినలేదు.”

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడని సరంగు ఎదురుచూశాడు. తిడితే బాగుండేది. తిట్టే మనిషి కనీసం తన వైపు చూస్తాడు.

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు.

“ఏం చెయ్యమంటారమ్మా?”

“నన్నడుగుతారేంటండీ?”

“రూలు ప్రకారం చుక్కాని తీసేసుకోవాలి. కానీ ఇన్నేళ్ళు మచ్చలేని మనిషి. మందలించి వదిలెయ్యొచ్చు కూడా. నష్టం మీకు. కష్టం మీకు. మనిషీ మీవాడే. మీరు ఎలా అంటే అలా.”

సరంగు గుండె దడదడలాడింది. ఆశ అనుకున్నాడు ముందు. కాదు. తన బతుకు గురించి తను నిలబడి ఉండగానే ఆమెను అడుగుతున్నారు. ఇంత తప్పు చేసి కూడా, తల కిందికి వాలిపోతున్నా, ఆ పాత మంట లోపల ఇంకా ఆరలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడినుంచి దిబ్బ కనబడుతుంది. పైన తెల్లగా పిట్టలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంట్లో ముసలావిడ ఉంది. కొత్త పడవ కోసం ఎదురుచూసిన ఏళ్ళున్నాయి. ఆ చుక్కాని లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో ఆమె కంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

“మిగిలిన గుడ్లు పిల్లలై ఎగిరేదాకా,” అంది, “ఈయన్ని చుక్కాని ముట్టుకోనివ్వకండి.”

సరంగు ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు.

“సరే,” అన్నాడు ఆఫీసరు. “కళాసీని పడవ తీయమంటాను. పొద్దు వాలేలోపు మీరొకసారి వెళ్ళి చూసిరండి. ఏవైనా మిగిలాయేమో. కాకులు మళ్ళీ రాకుండా ఈ సాయంత్రం ఎవరో ఒకరు అక్కడ ఉండాలి.”

మెట్లు దిగేటప్పుడు ఆమె ముందు, అతను వెనక. ఎప్పుడూ అతను ముందు నడిచేవాడు.

రేవులో పొడుగోడు పడవ ఎక్కి ఉన్నాడు. ఆఫీసరు కిటికీలోంచి కేకేసి చెప్పేశాడు. చుక్కాని దగ్గర నిలబడ్డాడు గానీ దాని మీద చేయి వేయడానికి జంకుతున్నాడు. సరంగును చూసి తల దించుకున్నాడు. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి.

ఆమె పడవ ఎక్కింది. పలక మీద కాలు జారబోతే పొడుగోడు చేయి అందించాడు. ఇరవై ఏళ్ళలో ఆమె ఆ పడవ ఎక్కిన ప్రతిసారీ ఆ చేయి అందించింది సరంగే. ఒడ్డున నిలబడి చూశాడు. ఆమె వెళ్ళి చుక్కాని పక్కన నిలబడింది. పొడుగోడు చివరికి ధైర్యం చేసి చుక్కాని పట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. ఏమిటో ఇంజన్ మోతలో వినబడలేదు. దారి గురించే అయి ఉంటుంది. దారి గురించే అని తనకు తాను చెప్పుకున్నాడు.

పడవ కదలలేదు. తాడు ఇంకా రేవు గుంజకే ఉంది. ఆ గుంజ దగ్గర సరంగు తప్ప మరెవరూ లేరు.

పొడుగోడు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. అడగడానికి అతనికి నోరు రాలేదు.

ఆమె పడవ అంచుకు వచ్చింది. పొద్దు ఆమె వెనక ఉంది. ముఖం కనబడలేదు.

“తాడు విప్పు,” అంది.

విప్పండి అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో, కోపంలో గానీ, జ్వరంలో గానీ, అతనితో అనేటప్పుడు ఆమె నోట ఆ ‘అండి’ తప్పలేదు.

టీ కొట్టు దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

సరంగు వంగాడు. ముడి తను మధ్యాహ్నం చేతులారా వేసిందే. తడిసి, ఎండి, బిగుసుకుపోయి ఉంది. గోళ్ళు దిగడం లేదు. పైన పడవలో ఆమె ఇంకేమీ అనకుండా ఎదురుచూస్తోంది.